కోతల పండుగ కోడిపుంజు

"చీనీకాయల గంప! ఎవరు పాడతారప్పా?"

జమ్మలమడుగు చివరనున్న చిన్న చర్చి ఆవరణలో కోతల పండుగ వేలం మొదలైంది. పొద్దున ఆరాధనలో అందరూ అర్పించిన పంట, కోళ్లు, గుమ్మడికాయలు ఇప్పుడు పాటకు వచ్చాయి. వేలం వేస్తున్నది సంఘ పెద్ద వినోద్ కుమార్.

"రెండొందలు," షామియానా ముందు నుంచి ఒక అమ్మాయి గొంతు.

అంతే. ఒక్కరూ ధర పెంచలేదు.

"మూడొందలు!" వెనక నుంచి కళ్యాణ్ అరిచాడు. డ్రిప్పు పైపుల కంపెనీలో ఉద్యోగం వచ్చి ఈ మధ్యే ఊళ్లో దిగాడు. ఆ గంప తెచ్చింది అతనే. పులివెందులలో వాళ్ల నాయన తోటలో కాసిన బత్తాయిలు అంత చవగ్గా పోతుంటే ప్రాణం ఒప్పలేదు.

జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఎవరో అతని చొక్కా లాగారు.

"నాలుగొందలు!" ఆ గొంతుకు హుషారొచ్చింది.

"ఐదొందలు!"

"ఆరొందలు! ఏమబ్బా, ఆపుతావా?"

"నువ్వే ఆపు! ఏడొందలు!"

జనం పక్కకు జరిగారు. వీల్‌చెయిర్‌లో కూర్చున్న అమ్మాయి మెడ తిప్పి అతన్నే చూస్తోంది. కళ్ల నిండా నవ్వు.

"ఎనిమిదొందలు," అంది.

కళ్యాణ్ చక్రాలను చూశాడు. తల దించుకున్నాడు. "నాకొద్దులే మామా. ఆమెకే ఇయ్యండి."

ఆమె మొహం మాడిపోయింది.

ఆ అమ్మాయి పేరు కీర్తన. ప్రొద్దుటూరు బళ్లో లెక్కల టీచరు. పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద రోజూ వెళ్లొస్తుంది. చర్చి వాళ్లకు ఆమె అంటే ప్రాణం. ర్యాంపు కట్టించారు, ముందు వరుసలో చోటిచ్చారు. వేలంలో మాత్రం ఆమె పాట ఎత్తితే చాలు, ఎవరూ ఎదురు పాడరు. పాపం కదా అని! ఏటా ఆమె పాడిన తొలి ధరకే గంప ఒళ్లోకి వచ్చేస్తుంది. ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

భోజనాల దగ్గర ఆమె వీల్‌చెయిర్ నేరుగా వచ్చి కళ్యాణ్ ముందు ఆగింది.

"ఏంది, గొంతు పడిపోయిందా?"

"అది కాదండీ... నేను చూసుకోలేదు. సారీ."

"ఏం చూసుకోలేదు? చక్రాలా?"

కళ్యాణ్ చేతిలోని ముద్దను విస్తట్లో వదిలేశాడు.

"నాతో సమానంగా పాడిన మనిషివి నువ్వొక్కడివే అని ఎంత సంబరపడితినో తెలుసా? చక్రాలు చూస్తానే నువ్వూ వాళ్లలో కలిసిపోతివి. నాకు జీతం రాదనుకుంటాండావా?"

గిర్రున బండి తిప్పుకుని వెళ్లిపోయింది. కళ్యాణ్‌కు సిగ్గేసింది. పెరుగన్నం సహించలేదు.

భోజనాల తర్వాత చివరి పాట. వినోద్ కుమార్ ఎర్ర పుంజును పైకెత్తాడు. "మన కీర్తనమ్మ ముద్దుగా సాకిన పుంజు! వాళ్లమ్మ అర్పించింది."

"ఐదొందలు," అంది కీర్తన విసుగ్గా. తన పుంజును తను ఇంటికి తీసుకుపోవాలని ఆమె ఆశ.

"వెయ్యి!" అన్నాడు కళ్యాణ్.

ఆమె చటుక్కున తిరిగింది. "పన్నెండొందలు!"

"పదైదొందలు!"

"ఓయప్పా, ఆయమ్మి కోడది! మనసుందా నీకు?" అని ఒక పెద్దామె కసిరింది. కళ్యాణ్ చెమటలు కక్కుతున్నాడు కానీ తగ్గలేదు. కీర్తనా తగ్గలేదు. చివరికి "రెండు వేలు" అని అతనన్నాక, ఆమె రెండు చేతులూ ఎత్తేసింది.

"చాలు సామీ! ఎత్తుకపో!"

కోడి పోయింది. కీర్తన మాత్రం పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి కళ్యాణ్ పుంజును పట్టుకోవడం మరిచిపోయాడు. అది చర్చి ఆవరణంతా పరిగెత్తింది.

తర్వాత పుంజును చూసే వంకతో కీర్తన స్కూటర్ అతని వాకిట్లో ఆగడం మొదలైంది. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. పంచలో ముగ్గురూ ఇరుక్కున్నారు, పుంజుతో సహా. వాన వెలిసేసరికి, మాట్లాడాల్సిన మాటలు ఇద్దరూ మాట్లాడేసుకున్నారు.

మరుసటి ఆదివారం కళ్యాణ్ ఆమె తండ్రి పాలయ్య ముందు కూర్చుని పెళ్లి మాట ఎత్తాడు.

"జాలిపడి అడగతాండావా అబ్బీ?" అన్నాడు పాలయ్య సూటిగా. "జాలి శానా దినాలుండదు. ఆనక నా బిడ్డ ఏడ్చాల."



"జాలా?" కీర్తన లోపల్నుంచి బండి తోసుకుంటూ వచ్చింది. "నేను సాకిన పుంజని తెలిసి కూడా, మొండికి పడి పాడి, నా కండ్ల ముందరే ఎత్తుకపోయె. జాలున్నోడు చేసే పనేనా నాయనా అది?"

 పాలయ్య మీసంలోనే నవ్వాడు.

"దేవకుమారీ, అల్లునికి కాఫీ తీసకరా," అని లోపలున్న భార్యను కేకేసి, కళ్యాణ్ వైపు తిరిగాడు. "ఈసారి వచ్చేటప్పుడు ఆ పుంజును కూడా తీసకరా అబ్బీ. అది మా ఇంటిది."

"కావాలంటే వేలం పాడి తీసుకోండి మామా," అన్నాడు కళ్యాణ్.