ప్రకటనలో పడిన బెన్‌హర్ పేరు

"అన్నీ ఒక్కటే డబ్బాల కుక్కి పెట్టకు, ఆశా. ఎప్పుడో ఒకసారి తన్నుకుంటయి," అన్నాడు బెన్‌హర్.

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సు చెరుకు ట్రాక్టర్ వెనక చిక్కుకుని పాకుతోంది. ముందు సీట్లో ఆశా, వెనక సీట్లో అతను. ఇద్దరూ పనిచేసేది ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. చర్చిలో పెళ్లి ప్రకటనల కోసం ఈ యాప్ చేస్తున్నది మాత్రం ఊరికే. అందుకే ఈ కొట్లాటలకు జీతం కూడా లేదు.

"ఏం తన్నుకుంటయి? యాప్ వివరాలు దాసుకునే జేసన్ డాక్యుమెంట్ అంటేనే ఏది కావాలంటే అది ఏసుకునే సంచి," అంది ఆశా, వెనక్కి తిరక్కుండానే.

"జనం రాసుకునేది వేరు. ఎవరు ఎక్కించిండ్రు, ఎప్పుడు ఎక్కించిండ్రు అని మన యాప్ తన కోసం రాసుకునేది వేరు. దానికి మెటా అని వేరే అర పెట్టు. నువ్వేమో రెండిటికీ 'పేరు' అనే పెట్టినవ్. పెండ్లి పిలగాని పేరు మీద ఎక్కించినోని పేరు పడ్తది."

"ఎవరిది వాళ్లే ఎక్కించుకుంటరు గద. రెండూ ఒకటే పేరయితది, పడితె పడనీ. నా పనిల తప్పు దొరకకపోతె నీకు అన్నం అరగదా?"

"కోపమొస్తె నువ్వు మంచిగుంటవ్. గందుకే ఎతుకుత."

ఆశా నవ్వు కనపడకుండా కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఇతను ఎప్పుడూ ఇంతే, అన్నీ మజాకే. అందులో నిజమెంతో ఎలా తెలుసుకోవడం?

ఆ చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆ ఆదివారం కరెంటు పోతే జనరేటర్ చూడడానికి బెన్‌హర్ బయటికి వెళ్లాడు. కొత్తగా వచ్చిన పాస్టరయ్యగారు ఫోన్ తెరిచి యాప్‌లో ఉన్నది ఉన్నట్టు చదివారు.

"మన సంఘస్థుడు బెన్‌హర్‌కు, భీమ్‌గల్ సంఘస్థురాలు పుష్పలతకు వివాహం నిశ్చయమైనది. ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయగలరు."

ఆశా చటుక్కున తలెత్తింది. బెన్‌హర్ అమ్మానాన్నలుండేది భీమ్‌గల్ దగ్గరి సిరికొండలో. అక్కడే సంబంధం ఖాయం చేసేశారన్న మాట. ఒక్క మాట చెప్పలేదు! వెనక సీటు ఖాళీగా ఉన్న బస్సు కళ్లముందు మెదిలింది. అతనంటే తనకు ఇంత ఇష్టమని ఇప్పుడా తెలియడం? ఏడుపొచ్చింది. చూసేసరికి తను లేచి నిలబడి ఉంది.

"ఏమ్మా, అభ్యంతరమా?" అన్నారు అయ్యగారు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. మగవాళ్ల వైపు కూర్చున్న తండ్రి ఏసుదానం నోరెళ్లబెట్టాడు.

"అవును అయ్యగారూ," అంది ఆశా.

ఈలోగా మోకాళ్లు పట్టుకుని విమలమ్మ లేచింది. "నాకు గూడ ఉన్నది! పుష్పలతను చేస్కునేది నా కొడుకు విజయ్ పాల్. నడుమల గీ బెన్‌హర్ ఎక్కడికెళ్లి ఒచ్చిండు?"

చర్చంతా గొల్లున నవ్వింది. ఆశాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. చెరుకు కోతల్లో విజయ్ పాల్‌కు తీరిక లేదు. అతని తరఫున వివరాలు ఎక్కించింది స్నేహితుడు బెన్‌హర్. ఎక్కించినవాడి పేరు పెళ్లికొడుకు పేరు మీద పడింది!

హమ్మయ్య! కూలబడింది. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. "యాప్‌ల తప్పు అయ్యగారూ. నాదే తప్పు," అంది. తప్పు ఒప్పుకోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

బయట బెన్‌హర్ చేతులకంటిన డీజిల్ తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. వార్త అప్పటికే జనరేటర్ దాకా చేరింది.

"కొడుకు పేరు పాయెనని విమలమ్మ లేచింది, సమజైంది. నువ్వెందుకు లేచినవ్?"

"తప్పు కనవడ్డది."

"ఆమె చెప్పేదాంక నీకు తప్పు సంగతి తెల్వది. ఆమెకన్న ముందుగాలే లేచినవంట."

ఆశా చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నువ్వు వేరేటామెను చేస్కుంటున్నవనుకున్న. నాతోని కాలే, బెన్‌హర్."

అతని మొహంలో అల్లరి మాయమైంది. "నీకు వేరే అర పెట్టుమని చెప్పినోన్ని, నేనే అసలు మాటను మజాక్‌ల కలిపేసిన. ఇప్పుడు వేరుగ చెప్తున్న. నువ్వంటే నాకు పానం."

వెనక దగ్గు వినిపించింది. ఏసుదానం.

"అయ్యగారు పిలగాని పేరు ఎట్లాగో ఒకసారి సదివిండు," అన్నాడు గొంతు సవరించుకుని. "ఇగ పిల్ల పేరొక్కటి మారిస్తె అయిపాయె. సిరికొండకు ఎప్పుడు పోదాం, బిడ్డా?"

"బాపూ!" అంటూ ఆశా తండ్రి భుజంలో మొహం దాచుకుంది.

సోమవారం బస్సులో ఆమె వెనక సీట్లో, అతని పక్కన కూర్చుని లాప్‌టాప్ అతని ఒళ్లో పెట్టింది. "జనానిది జనానికి, యాప్‌ది యాప్‌కు. వేరు చేసిన, సూస్కో."

బెన్‌హర్ పైనుంచి కిందిదాకా చూశాడు. "తప్పు దొరుకుతలేదు."

"మరి అన్నమెట్ల అరుగుతది?"

ముందు మళ్లీ చెరుకు ట్రాక్టర్ అడ్డం. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అది పక్కకు తప్పుకోకపోతే బాగుండునని వెనక సీట్లో ఇద్దరూ కోరుకున్నారు.