దొరసాని గోడ

ఇదివరకు నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. ఒళ్ళు మండి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా కస్తూరి వదినకి జరిగింది ఇది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మెట్రో ఇంకా అటు రాని రోజులు. ఉత్తరాదిన, ఇందిరాపురం దాటాక, చెరకు తోటల్లోకి కొత్త మేడలు చొరబడే చోట ఒక పల్లె. అందులో పాత చర్చి. తెల్లదొర కట్టించాడట గానీ, కట్టింది ఆ ఊరి మేస్త్రీలే. వాళ్ళకి వచ్చింది గుమ్మటాలే. అందుకే కోసుగా శిఖరం లేదు. పల్చటి ఇటుక, గానుగ సున్నం, బలిపీఠం వెనక నెలవంకలా వంగిన గోడ, దాని మీద గుమ్మటం. సిలువ లేకపోతే దర్గా అనుకుంటారు.

చీకటి పడితే ఆ గోడ దగ్గరికి ఎవరూ వెళ్ళరు. దొరసాని పురిట్లో పోయిందట. గోడకి ఆనుకుంటే చెవిలో గుసగుసలాడుతుందట... ఆ మాట అందరికంటే ఎక్కువగా చెప్పేది పనుల కోసం అక్కడికి వలసపోయిన మన తెలుగువాళ్ళ సంఘపెద్ద దైవసహాయం గారే. పొద్దుగూకాక ఆ ఛాయలకి పోవద్దని ప్రతి ఆదివారం హెచ్చరించేవారు.

వదినకి పోక తప్పదు. జ్వరంతో పోయిన చంటిబిడ్డని ఆ చర్చి వెనకే పూడ్చారు. ఇందిరాపురం ఇళ్ళలో వంట ముగించుకుని, అప్పుడప్పుడూ వెళ్ళి గడ్డి పీకి వచ్చేది.

ఆ వేసవి సాయంత్రం అలాగే వెళ్ళింది. ఉన్నట్టుండి ఆంధీ, అదే దుమ్ముగాలి, లేచింది. కళ్ళనిండా దుమ్ము. పక్క తలుపు నెట్టుకుని చర్చి లోపల పడింది. కరెంటు లేదు. తడుముకుంటూ వెళ్ళి చల్లటి గోడకి ఆనుకుంది.

చెవి పక్కన... ఎవరో ఊపిరి పీల్చారు.

అప్పుడు తెలిసింది, అది ఏ గోడో.

యేసయ్యా అందామన్నా పెదవి కదల్లేదు. మళ్ళీ గుసగుస — చెంపకి తగిలేంత దగ్గర. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

"...పిల్లల గోరీలే గదండీ. రాళ్ళు గూడా లేవు."

దొరసానికి గుంటూరు యాస ఎక్కడిది?

"అడిగేవాళ్ళో?" ఇంకో గొంతు.

"ఎవరడుగుతారు ఫణికుమార్ గారూ... వంటలక్కలు, చాకిరీవాళ్ళు. దెయ్యమంటే హడలి చస్తారు. పొద్దున్నే జేసీబీ పంపండి. మీ రోడ్డు తిన్నగా వచ్చేస్తుంది."

మెరుపు మెరిసింది. వంపు గోడకి ఆ చివర, తల ఆనించి కూర్చున్న దైవసహాయం. పక్కన ఆ మేడలు కట్టిస్తున్న ఇంజనీరు. ఇటు చివర గొణిగితే వంపు వెంట జారి అటు చివర చెవిలో పడే గోడ అది. అంతే. దెయ్యం లేదు, గియ్యం లేదు.

భయం దిగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. బిడ్డని పూడ్చిననాడు పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది ఆ నోరే.

చప్పుడు చెయ్యకుండా బయటపడింది. అక్కడ బిడ్డల్ని దాచుకున్న తల్లులున్న ఇల్లిల్లూ తిరిగింది.

తెల్లారేసరికి వదిన బిడ్డ మట్టి పక్కనే కాళ్ళు బారజాపి కూర్చుంది. మిగతా తల్లులూ ఎవరి బిడ్డ దగ్గర వాళ్ళు. జేసీబీ వచ్చింది. వెనకే దైవసహాయం.

"కస్తూరీ, ఇక్కడేం పనమ్మా నీకు?"

ఆయన ముందు ఏనాడూ తలెత్తని మనిషి, తలెత్తింది.

"రాత్రి ఇంజనీరు గారితో అన్నారు గదా. నా మొహం మీద అనండి."

వదిన ఆయన్ని వదిలేసి బండివాడి వైపు తిరిగింది.

"బంద్ కరో, భయ్యా. మేరా బచ్చా హై యహాఁ." నా బిడ్డ ఉంది ఇక్కడ, అని.

వాడు ఇంజను ఆపేశాడు.