ఇల్లు వద్దన్న గొంతు

"నా ఇల్లు నాకు కాకుండా చేశారు బాబూ!" అంటూ టైలరమ్మ కుర్చీలో కూలబడింది. చేతిసంచిని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు ఒళ్ళో అదిమి పట్టుకుంది.

డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. పక్కనే అసిస్టెంటు పెన్ను తీశాడు. డిటెక్టివ్ ఏం చేసినా అబ్బురపడటం అసిస్టెంటు ఉద్యోగంలో భాగం. ఆ పనిలో అతను ఏనాడూ లోటు చేయలేదు.

ప్రభుత్వ ఇళ్ళు ఎవరికివ్వాలో ఇప్పుడు కంప్యూటరే తేలుస్తోంది. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, ఎవరి చెయ్యీ తడపనక్కర్లేదు. టైలరమ్మకు ఒంటిగది ఇల్లు మంజూరైందని మెసేజ్ వచ్చింది. వారం తిరక్కుండానే రద్దయిందని ఇంకొకటి వచ్చింది.

"లంచం రాలేదని ఆ ఆఫీసరుకి కడుపుమంట. వాడే చేశాడు!"

"మెసేజులు ఎవరి ఫోనుకి వచ్చాయమ్మా?"

"మా చెల్లెలిదానికి. ఇంటిల్లిపాదికీ అదే నెంబరు. అమ్మానాన్నా పోయాక దాన్ని పెంచింది నేనే. ఇప్పుడు దాని పిల్లల్నీ నేనే చూస్తున్నా. అందరూ టీవీ కట్టేశాక హాల్లో చాప పరుచుకుంటా. లోపల గడియ పెట్టుకోవడానికి నాకంటూ ఒక తలుపుంటే చాలనుకున్నా బాబూ."

మర్నాడు డిటెక్టివ్ ఆ ఇంటికి వెళ్ళాడు. వంటింటి గట్టు మీద ఫోను ఛార్జింగులో ఉంది.

"ఎవరు దగ్గరుంటే వాళ్ళు తీస్తాం" అంది చెల్లెలు. అక్క వీపు నిమురుతూ, "ఊరుకో అక్కా. ఏడాది ఎంతలో తిరుగుతుంది? అప్పుడు మళ్ళీ పెట్టుకుందువుగాని" అని ఓదార్చింది.

"ఏడాదేంటి నీ మొహం!" అని చెల్లెలి మొగుడు గయ్యిమన్నాడు. "రేపే పెడదాం వదినా. వాళ్ళ సంగతేంటో తేల్చేద్దాం."

వీధిలోకి రాగానే, "మరిదే సార్! అంత అరిచాడంటే ఏదో ఉంది" అన్నాడు అసిస్టెంటు. డిటెక్టివ్ నవ్వి, ఇళ్ళు మంజూరు చేసే ఆఫీసుకి దారి తీశాడు.

అక్కడ తన గదిలో ఆఫీసరు తల పట్టుకుని కూర్చున్నాడు. "నిర్ణయాలు కంప్యూటరువి, తిట్లు నావి. దరఖాస్తు తిరస్కరిస్తే మర్నాడే మళ్ళీ పెట్టుకోవచ్చు సార్. ఈవిడకు మంజూరైంది. అలాంటివాళ్ళకు కంప్యూటరే ఫోన్ చేసి, ఇల్లు కావాలా వద్దా అని అడుగుతుంది. వద్దన్నవాళ్ళకు మాత్రం ఏడాది ఆగాలని ఆ ఫోన్లోనే చెబుతుంది, ఇంకెక్కడా చెప్పదు."

"రద్దుకి కారణం అడిగితే చెబుతారా?"

"అడిగితేగా! వచ్చినవాడల్లా సిఫార్సు చేయించుకుని వస్తాడు. కారణం అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు."

సాయంత్రం అందరినీ ఆఫీసరు గదిలోనే కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"ఆఫీసరుగారు రద్దు చేయలేదు. ఎవరో ఫోన్లో 'వద్దు' అన్నారు. ఆ ఫోను అందుబాటులో ఉన్నది ఇంట్లోవాళ్ళకే. ఏడాది గడువు సంగతి వద్దన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రేపే పెడదామన్న మరిదికి అది తెలియదు." అతను చెల్లెలి వైపు తిరిగాడు. "నీకెలా తెలిసిందమ్మా?"

అసిస్టెంటు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మొగుడు పెళ్ళాన్ని చూశాడు.

"నువ్వెళ్ళిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారే అక్కా?" చెల్లెలు భోరుమంది. "నేను ఉద్యోగం మానేయాల్సిందేగా!"

"అడగొచ్చుగా!" అంది టైలరమ్మ. "ఒక్కమాట అడిగుంటే నేనే ఆగిపోయేదాన్ని కదే. నా వెనకాల, నా గొంతై మాట్లాడతావా?"

ఆఫీసరు ఇబ్బందిగా కదిలాడు. "జవాబిచ్చింది వేరేవాళ్ళని మీరే చెబితే ఇల్లు మీకొస్తుందమ్మా. కాకపోతే చెప్పిన మరుక్షణం వాళ్ళ మీద కేసు నమోదైపోతుంది. ఆపడం నా చేతుల్లో లేదు."

అతను మీట నొక్కాడు. బల్ల మీది ఫోన్లోంచి తీయని గొంతు అడిగింది: "మీ బదులు మరొకరు జవాబు చెప్పారా? ఎవరు?"

"అక్కా, పిల్లల మొహం చూసైనా..."

"ఆ మొహాలు చూసే ఇన్నాళ్ళూ హాల్లో పడుకున్నాను" అంది టైలరమ్మ. ఫోను దగ్గరకు లాక్కుని, "అవును. మా చెల్లెలే" అని చెప్పింది.

ఫోన్లోని గొంతు అదే తీయదనంతో ధన్యవాదాలు చెప్పింది.