దంపుడు పాట

ఆదివారం పొద్దున్నే మిక్సీ గుర్రుమని ఓ కేక పెట్టి ఆగిపోయింది. వంటింటినిండా కాలిన వాసన. కొబ్బరి పచ్చడి సగంలో ఉండిపోయింది.

"మా అమ్మ మిక్సీ మొహం ఎరుగునా? అన్నీ రోట్లోనే చేసేది," అన్నాడు గణేష్‌బాబు పేపర్లోంచి తలెత్తకుండానే.

పావనికి ఈ మాట కొత్త కాదు. స్కూల్లో పాఠాలు చెబుతూ ఇల్లు నెట్టుకురాలేక, వంటకి నూకరత్నం అనే ఆవిణ్ణి పెట్టుకుందామని ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. అడిగినప్పుడల్లా భర్త వాళ్ళమ్మ కథే చెబుతాడు. ఇక ఉద్యోగం మానెయ్యడమే మిగిలింది. అత్తగారు వీరవేణి మాత్రం చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉలకదు, పలకదు. ఆ మౌనమే పావనికి ఎక్కువ గుచ్చుకునేది.

"నిడదవోలు అవతల పాతకాలపు పొలం ఒకటి పెట్టారంట. అన్నీ మన చేత్తోనే చేసి చూడొచ్చంట. అమ్మకి సరదాగా ఉంటుంది, నువ్వూ చూద్దువుగాని," అన్నాడు గణేష్‌బాబు.

ఎవరికి పాఠమో పావనికి తెలిసిపోయింది. వెళ్ళి చీర మార్చుకుంది.

పొలం బాగానే ఉంది. ఒకచోట పిల్లలు బురదలో నాట్లు వేస్తున్నారు, ఒకచోట ఎవరో కవ్వంతో చల్ల చిలుకుతూ సెల్ఫీ తీసుకుంటున్నారు. తాటాకు పాక కింద ధాన్యం పోసిన రోలూ, రోకలీ కనబడగానే గణేష్‌బాబు మొహం వెలిగిపోయింది.

"అమ్మా, దంచు! ఆ పాట కూడా పాడు. చిన్నప్పుడు మధ్యాహ్నాలు అది వింటూనే నిద్రపోయేవాణ్ణి. పావనీ, రికార్డు చెయ్యి. పనంటే అలా ఇష్టంగా చెయ్యాలి."

వీరవేణి రోకలి ముట్టుకోలేదు.

"ఇష్టంగానా? ఎవరు చెప్పార్రా నీకు?"

"అదేంటమ్మా..."

"ఊళ్ళో మిల్లుండగానే మీ నాయనమ్మకి దంపుడు బియ్యం కావాలి. ఆవిడ లోపల నడుం వాల్చేది, నేను పెరట్లో దంచేదాన్ని. పాట వినిపిస్తే పని సాగుతున్నట్టు. ఆగిందంటే 'నిద్రపోయావా?' అని కేక. నిన్ను నిద్రపుచ్చడానికి కాదు బాబూ, నేను నిద్రపోలేదని ఆవిడకి తెలియడానికి పాడేదాన్ని."

గణేష్‌బాబు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు? పెళ్ళాన్ని సాధించడానికి తప్ప నా కష్టం నీకెప్పుడు గుర్తొచ్చింది? ఇంద, నువ్వు దంచు. పాట ఆపకూడదు మరి."

అతను తటపటాయించాడు.

"రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరిస్తే ఎలారా?"

పంతానికి రోకలి అందుకున్నాడు. నాలుగు పోట్లు వేసి పాట ఎత్తుకున్నాడు. పోటుకి సరిపోయిన ఊపిరి పాటకి సరిపోలేదు. ధాన్యం చెదిరి నేలపాలైంది. చేతులు ఆగాయి.

"నిద్రపోయావా?" అంది వీరవేణి, గొంతు మార్చి.

గణేష్‌బాబు ఉలిక్కిపడ్డాడు. రోకలి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ కేక నాకు గుర్తుందమ్మా," అన్నాడు. "నాయనమ్మ నన్నే అడుగుతోందనుకునేవాణ్ణి. నా మీద ప్రేమ అనుకునేవాణ్ణి."

అతని కళ్ళు నిండాయి. వీరవేణి కొడుకు చేతిలోంచి రోకలి తీసి పాక గుంజకి ఆనించింది.

కారులో కూర్చున్నాక అతను ఎర్రబడ్డ అరచేతులు స్టీరింగు మీద పెట్టి అడిగాడు. "నూకరత్నం గారి నంబరుందా నీ దగ్గర?"

"ఉందండి."

"ఇవ్వు. నేనే మాట్లాడతాను."

వెనకసీట్లోంచి వీరవేణి అందుకుంది. "దార్లో మిక్సీ కూడా కొనరా. నువ్వు మెచ్చుకునే ఆ రోటి పచ్చడి నేనెప్పుడూ వేడన్నంలో తిన్న పాపాన పోలేదు."

పావని వెనక్కి తిరిగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. నవ్వుదామనుకుంది గానీ ఏడుపొచ్చేసింది.