మావయ్య చేతికింద కీబోర్డు

ఝపటాపూర్ తెలుగువాళ్ళ వాడలో వెంకటరావు ఇంటిముందు నుంచి వెళ్ళేవాళ్ళకి రోజంతా ఒకే మాట వినిపించేది. "మావయ్యకి నీళ్ళు కావాలి." కోడలు మౌనిక గొంతు అది.

పక్షవాతంతో వెంకటరావుకి మాట పడిపోయింది. కుడి చూపుడువేలు తప్ప ఒళ్ళు కదలదు. కొడుకు కిరణ్‌కుమార్ ఒక వైర్‌లెస్ కీబోర్డు తెచ్చి, మూడు మీటలు ఉంచి మిగతావి పీకేసి, ఒక్కోదానికి కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ఒకటి నీళ్ళకి, ఒకటి నొప్పికి, ఒకటి పక్క మార్చడానికి. నొక్కితే వంటింట్లో స్పీకరు పలుకుతుంది. ఆ మాటలు మౌనిక చేతే రికార్డు చేయించాడు.

ఆ మధ్యాహ్నం కిరణ్ రైల్వే వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నాడు. ఎండ మండుతోంది. స్పీకరు ఆగడం లేదు. మౌనిక విసురుగా వచ్చి కీబోర్డులోంచి బేటరీలు లాగేసింది.

"ఇప్పుడు నొక్కండి మావయ్యా," అంది మెల్లగా. "ఎంతసేపు నొక్కుతారో సూస్తాను."

తలుపేసి పడుకుంది. లేచి చూసేసరికి ముసలాయన నాలుక పిడచకట్టి చనిపోయి ఉన్నాడు. వేలు మీట మీదే ఉంది. ఆమె బేటరీలు మళ్ళీ పెట్టేసింది.

"నిద్దర్లోనే పోయినారు," అని చెప్పింది. కిరణ్ నమ్మాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు సాయంత్రం కాకముందే కాలబైశాఖి గాలివాన కమ్ముకొచ్చింది. కరెంటు పోయింది. ఇంట్లో మౌనిక ఒక్కతే. తడిమట్టి వాసన... దాని వెనకే తైలం వాసన, మూత్రం వాసన. ఆ గది ఫినాయిల్‌తో కడిగించి వారమైంది.

టిక్.

కీబోర్డు బీరువా మీద అట్టపెట్టెలో ఉంది. కంప్యూటరు ఆగిపోయి ఉంది.

టిక్... టిక్...

స్పీకరు ఆమె గొంతుతోనే పలికింది. "మావయ్యకి నీళ్ళు కావాలి."

మౌనిక నీళ్ళ గ్లాసుతో గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీ. పరుపు మధ్యలో మాత్రం మనిషి పడుకున్నంత గుంట.

"తాగండి మావయ్యా..." అని గొణిగింది.

గ్లాసు జారింది. చెయ్యి లేవలేదు. నడుం కదల్లేదు. అరుద్దామంటే నాలుక తిరగలేదు...

కిరణ్ వచ్చేసరికి లైట్లు వెలుగుతున్నాయి. మౌనిక ఆ మంచం మీద వెల్లకిలా ఉంది. కళ్ళు అతన్ని బతిమాలుతున్నాయి. చూపుడువేలు దుప్పటి గీకుతోంది.

"ఏటైంది మౌనికా? ఏటి కావాలి?"

అతను గబగబా కంప్యూటరు పెట్టి, కీబోర్డు దింపి ఆమె వేలికింద ఉంచాడు. నొక్కింది.

పలికింది ఆమె గొంతు కాదు. నాన్న గొంతు. ఎన్నడూ రికార్డు చెయ్యని గొంతు.

"దానికేటీ అక్కర్లేదు బాబూ."

ఆమె రెండో మీట నొక్కింది. మూడోది నొక్కింది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"దానికేటీ అక్కర్లేదు. నువ్వెల్లి తొంగో."