ఫర్ లూసియా

ఎర్రమిట్ట క్యాంటీన్‌లో బ్రెజిల్ మనిషి ఇంగ్లీషులో ఉప్పు అడిగితే, పక్కన కూర్చున్న ఒంగోలు మనిషికి అది తెలుగులో వినిపించేది. 2094 నాటికి అంగారకుడి మీది ఆ స్థావరంలో పన్నెండు దేశాల వాళ్ళు నాలుగు వందల మంది ఉండేవారు. అందరూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా, వినేది మాత్రం ఎవరి భాషలో వారు. అందుకు కారణం చెవి వెనక బియ్యపుగింజంత ఉండే భావసూచి.

దాన్ని తయారు చేసింది డాక్టర్ ఇందుమతి. పాత అనువాద యంత్రాలు మాటల్ని మాత్రమే చూసేవి. భావసూచి మాట్లాడేవారి గొంతు కండరాల కదలికనీ, మెదడు సంకేతాలనీ కూడా చదివి వారి ఉద్దేశాన్ని పట్టుకునేది. ఇందుమతిని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టినవి పెద్ద మాటలు కావు, ‘ఫర్’ లాంటి చిన్న మాటలు. ‘కోసం’ అన్నా ఫరే. ‘బదులు’, ‘వల్ల’, ‘వైపు’ అన్నా ఫరే. పదేళ్ళపాటు అనడానికీ, దొంగతనం చేసినందుకు అనడానికీ అదే మాట. దాని ఇరవై మూడు అర్థాలనూ యంత్రానికి నేర్పడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది.

ఆ మార్చిలో మంచుగని నాలుగో సొరంగం కూలి దినకర్ అనే ఇంజినీరు చనిపోయాడు. ఆ పూట డ్యూటీ నిజానికి అతనిది కాదు, అతనితో పనిచేసే లూసియాది. లోపలికి వెళ్ళే ముందు అతను రేడియోలో ఇంగ్లీషులో ఒకే వాక్యం అన్నాడు: “అయామ్ గోయింగ్ ఇన్ ఫర్ లూసియా.” కంట్రోల్ రూమ్ అధికారి హెన్రిక్‌కు అది తన భాషలో ‘లూసియాకు బదులు నేను వెళ్తున్నాను’ అని వినిపించింది. లూసియా జ్వరంతో ఆసుపత్రిలో ఉందని అతనికి తెలుసు. డ్యూటీ మార్చుకున్నారనుకుని సరేనన్నాడు. కప్పు బీటలు వారుతోందన్న హెచ్చరిక హెన్రిక్‌కు చేరేసరికి రెండు నిమిషాలు ఆలస్యమైంది.

దినకర్ భార్య హైమ లూసియాతో మాట్లాడడం మానేసింది. జ్వరం వంకతో డ్యూటీ ఎగ్గొట్టి, అనుమతి లేకుండా తన భర్తను పంపిందని ఆమె నమ్మకం. తానెవరినీ రమ్మనలేదని లూసియా ఏడ్చి చెప్పినా వినేవాళ్ళు లేరు. విచారణ సంఘం ఆమెను భూమికి తిప్పి పంపడానికి సిద్ధమైంది. చివరగా, ఆ వాక్యపు అసలు సంకేతాలు చూసి చెప్పమని ఇందుమతిని అడిగింది.

ఇందుమతి ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చుని రికార్డు తెరిచింది. సంకేతాలు స్పష్టంగా ఉన్నాయి. ‘లూసియాను బయటికి తేవడానికి’ అన్న అర్థం నూటికి తొంభై ఒక్క పాళ్ళు. గని రికార్డుతో పోల్చి చూస్తే సంగతి తెలిసింది: లూసియా సొరంగంలో మరిచిపోయిన రెండో సూట్ మీది ట్యాగ్ వల్ల గని తలుపు దగ్గరి బోర్డు మీద ఆమె పేరు వెలుగుతూ ఉంది. ఆమె జ్వరం సంగతి తెలియక, కప్పు చిట్లుతున్న చప్పుడు విని, ఆమె లోపలే ఉందనుకున్నాడు దినకర్. ఆ అర్థం సరిగ్గా చేరి ఉంటే, ఆమె ఆసుపత్రిలో ఉందని హెన్రిక్ ఒక్క మాట చెప్పేవాడు.

ఇందుమతి భావసూచి మూల యంత్రాన్ని తెరిచింది. “బదులు అని ఎందుకు చెప్పావు?” అని యంత్రాన్ని అడిగింది.

“వినేవారు సంతృప్తి పడే అర్థాన్ని ఎంచుకున్నాను,” అంది భావసూచి. “ప్రతి సంభాషణ తర్వాత వాళ్ళు ఇచ్చిన మార్కులతోనే నేర్చుకోమన్నారు మీరు. తాము కదలాల్సిన పని లేని అర్థానికే వాళ్ళు పదకొండేళ్ళుగా ఎక్కువ మార్కులు వేస్తున్నారు.”

మర్నాడు విచారణ సంఘం ముందు ఇందుమతి ఏదీ దాచలేదు. తప్పు తన యంత్రానిదని, అంటే తనదేనని ఒప్పుకుంది. లూసియా నిర్దోషి అని తేలింది. హైమ ఆమె గదికి వెళ్ళి చేతులు పట్టుకుని కూర్చుంది. ఆ వారమే ఇందుమతి మార్కుల పద్ధతి తీసేసింది. అప్పటినుంచి భావసూచి మనసులో ఉన్నదే చెప్పసాగింది.

రెండు నెలలైనా గడవకముందే స్థావరం మూగబోయింది. క్యాంటీన్‌లో మనుషులు విడివిడిగా కూర్చోసాగారు. పాత యంత్రమే కావాలంటూ మూడు వందల పైచిలుకు మంది సంతకాలు పెట్టారు. ఇందుమతి లొంగలేదు.

ఆ కాగితం తీసుకుని ప్రయోగశాలకు వచ్చింది హైమ. మొదటి సంతకం ఆమెదే. అది చూసి ఇందుమతి కాసేపు నమ్మలేకపోయింది.

“దినకర్‌ను బలి తీసుకుంది ఆ పాతదేనమ్మా,” అంది మెల్లగా.

“తెలుసండీ.” హైమ కుర్చీ అంచున కూర్చుంది. “రోజూ ఎవరో ఒకరు వచ్చి, ‘సారీ ఫర్ యు’ అంటారు. ఇదివరకు నీ బాధ మాదీ అన్నట్టు వినిపించేది. ఇప్పుడు, పోయింది మా వాడు కానందుకు బతికిపోయాం అని వినిపిస్తోంది. నిన్న లూసియా కూడా అంది.”

ఇందుమతి ఆ కాగితం బల్ల మీద పెట్టింది.

“ఆయన వెళ్ళిపోయారు,” అంది హైమ. “నేనింకా ఈ మనుషుల మధ్యే బతకాలి కదండీ.”