పెన్సిల్ మేడమ్

జూలై తొమ్మిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు బ్రెడ్ ముక్కల మధ్య ఒక ఆమ్లెట్, అది కూడా సగమే. మిగతా సగం కోర్టు లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం మీద పడింది.

నేను అక్కడికి వెళ్లింది పుస్తకం కోసం కాదు. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. కోర్టు మొత్తం మీద సరిగ్గా పనిచేసే ప్లగ్గు ఆ గదిలోనే ఉందని ఎవరో చెప్పారు. ఫోన్ తగిలించి, చేతికందిన పుస్తకాన్ని ప్లేటు కింద పెట్టుకుని తింటున్నాను.

"లేవండి."

తలెత్తి చూశాను. ఆ లైబ్రరీ చూసుకునే అమ్మాయి. చెవి మీద పెన్సిల్, చేతిలో దుమ్ము దులిపే గుడ్డ, కళ్లలో నిప్పులు.

"నేను లాయర్నండీ" అన్నాను.

"తెలుస్తోంది. ఇంకెవరైనా అయితే ఈపాటికి సారీ చెప్పేవారు."

"పుస్తకమేగా, తుడిస్తే పోతుంది."

"నూనె మరక తుడిస్తే పోదు, లోపలికి పోతుంది. అది పద్నాలుగో సంపుటం. మా నాన్న చేత్తో బైండింగ్ చేసింది."

తప్పు నాదే. కాబట్టి నాకే కోపం వచ్చింది. "అయినా ఇవన్నీ ఇప్పుడెవరు చదువుతున్నారండీ? మొత్తం నా ఫోన్లో ఉన్నాయి. ఎలాగూ ఈ నెలాఖరుకి ఈ గది మూసేసి, ఏసీ పెట్టి, సోఫాలు వేస్తున్నారట. మామయ్యే చెప్పాడు."

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు, నా సీనియర్, పైగా లాయర్ల సంఘానికి అధ్యక్షుడు. ముందు రోజు భోజనాల దగ్గర అన్న మాట అది.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమెకి ఆ సంగతి తెలియదని నాకప్పుడు అర్థమైంది. నాలుక కరుచుకున్నాను, కానీ మాట నోరు దాటిపోయింది.

"మూయనివ్వండి, చూద్దాం" అంది. "ముందు మీరు ఆ ప్లేటు పట్టుకుని బయటికి నడవండి. ఫోన్ ఉండనివ్వండి, చార్జింగ్ ఎక్కనీ."

అంత కోపంలోనూ ఆమె ఆ ప్లగ్గు పీకలేదు. బయట మెట్ల మీద నిలబడి చల్లారిన బ్రెడ్డు నములుతూ నేను ఆలోచించింది ఆ ఒక్క విషయమే.

మర్నాడు వాన. క్షమాపణ చెప్పాలని వెళ్లాను. ఊరికే వెళ్తే చులకనైపోతానని ఒక పని కూడా పట్టుకెళ్లాను. కిటికీ రెక్క సరిగ్గా పడక జల్లు లోపలికి కొడుతోంది. ఆమె కింద బకెట్ పెట్టి, ఒక ముసలి గుమస్తా కుర్చీని ఆయన నిద్ర చెడకుండా పొడి చోటికి లాగుతోంది.

"సెర్చ్ గారు వచ్చారు" అంది, తల తిప్పకుండానే. ఆ రోజు నుంచి అదే నా పేరైపోయింది. ఆమె పేరు నేను అప్పటికే వాకబు చేశాను. కోర్టులో అందరూ పెన్సిల్ మేడమ్ అంటారు.

"నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది. సారీ."

"దేనికి? గది సంగతికా, ఆమ్లెట్‌కా?"

"రెంటికీ."

"ఆమ్లెట్‌కి క్షమించాను. మరకకి లేదు."

నేను కుర్చీ లాక్కుని ఫోన్ తీశాను. "ఇది చూడండి. వచ్చే గురువారం మామయ్య వాదించే కేసు. ముప్పై ఏళ్లుగా ఒకే షాపులో మిషన్ కుడుతున్న దర్జీని ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. ఆరు నెలల నోటీసు లేకుండా కుదరదని అచ్చం మాకు సరిపోయే తీర్పు, నాలుగు సెకన్లలో దొరికింది. పక్కన పచ్చ గుర్తు ఉంది, అంటే ఇప్పటికీ చెల్లుతుందని."

ఆమె ఎదురుగా కూర్చుని ఫోన్ చూసింది. లేచి వెళ్లి తొమ్మిదో సంపుటం తెచ్చి, అదే తీర్పు ఉన్న పేజీ తీసింది. మార్జిన్లో గుండ్రటి చిన్న అక్షరాలతో పెన్సిల్ రాత ఉంది: 'ఇది నిలవలేదు. 14వ సంపుటం, 212వ పేజీ చూడండి.'

పద్నాలుగో సంపుటం తెచ్చింది. అట్ట మీద నా ఆమ్లెట్ మరక ఏదో కొత్త దేశం పటంలా ఉంది. లోపల, రెండు వందల పన్నెండో పేజీలో, పెద్ద బెంచ్ ఆ తీర్పుని కొట్టేసింది.

నేను ఫోన్లో పచ్చ గుర్తు మళ్లీ చూశాను. "మరి ఫోన్ చెప్పలేదేం?"

"అప్పీలు నడుస్తుండగా అద్దెకున్నాయన పోయారు. ఆయన కూతుళ్లు కేసులోకి వచ్చారు. పేర్లు మారిపోయాయి. మీ ఫోన్‌కి ఇదెవరో వేరే కుటుంబం." పుస్తకం నా వైపు తిప్పింది. "కొత్త సంపుటం వచ్చినప్పుడల్లా ప్రతి తీర్పూ చదువుతాను. ఇది ఏ పాత తీర్పుని దెబ్బకొట్టిందో చూసి, వెనక్కి వెళ్లి ఆ పేజీ పక్కన రాస్తాను. నాకు ముందున్నావిడ నేర్పారు."

"పెన్సిల్‌తో ఎందుకు?"

"రేపు ఇంకా పెద్ద బెంచ్ దీన్ని కూడా కొట్టేయొచ్చు. అప్పుడు చెరపాలిగా."

"అంటే మీరు కంప్యూటర్‌కి వ్యతిరేకం..."

"మూడేళ్లుగా ఈ గదికి కంప్యూటర్ కావాలని మీ మామయ్య గారికి ఉత్తరాలు రాస్తున్నది నేనే. ఇటివ్వండి ఆ ఫోను. మీరు అడిగే తీరే తప్పు. పేర్లతో కాదు, చట్టంలో సెక్షన్ పట్టుకుని అడగండి."

అడిగాను. పద్నాలుగో సంపుటంలో ఉన్న ఆ పెద్ద బెంచ్ తీర్పు ఫోన్లోనూ బయటపడింది. ఆమె నా వైపు చూసి, తను గెలిచినట్టు కాకుండా, నేను గెలిచినట్టు నవ్వింది. తర్వాత అదే తీర్పులో పేరా పంతొమ్మిది చదవమంది. షాపు ఖాళీ చేయమన్న తర్వాత కూడా మరమ్మతులు చేయించుకోమని ఓనరు రాసిచ్చి ఉంటే, మళ్లీ కొత్తగా నోటీసు ఇవ్వాల్సిందేనని ఉంది. ఆ పేరా నంబరు ఒక చీటీ మీద రాసి పేజీలో పెట్టింది.

వాన ఎప్పుడో తగ్గింది. నేను గమనించనట్టు నటించాను. తనూ నటించానని ఆమె చాలా రోజుల తర్వాత ఒప్పుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామయ్యకి చెప్పాను.

"ఒరేయ్, పార్టీల పేర్లే వేరు. అది మన తీర్పు మీద అప్పీలు ఎలా అవుతుందిరా? గది పోతుందని ఆ అమ్మాయి ఏదో చెప్తే నువ్వు పడిపోయావు."

"కళ్లారా చదివాను మామయ్యా."

"ఆ అమ్మాయినా, పేజీనా?"

అత్తయ్య ఫక్కున నవ్వింది.

వారం రోజులు రోజూ లైబ్రరీకి వెళ్లాను. ఫోన్ చార్జింగ్ నిండుగా ఉన్నా వెళ్లాను. బుధవారం సాయంత్రం సంఘం మీటింగ్. గది మూయాలా వద్దా అన్నదే విషయం. అంతమంది కూర్చోడానికి వేరే చోటు లేక, మీటింగ్ కూడా ఆ లైబ్రరీలోనే పెట్టారు.

అరగంట ముందే వెళ్లి ఆమెని బతిమాలాను. "మామయ్య రేపు ఆ చెల్లని తీర్పే చదవబోతున్నాడు. ఈ రోజు అందరి ముందూ ఆ మార్జిన్ చూపించండి చాలు. ఒక్క మాట మాట్లాడకుండా గెలుస్తారు."

"చూపించను."

"ఎందుకు?"

"ఈ బల్ల దగ్గర వాదీ, ప్రతివాదీ తరఫు లాయర్లు ఒకే లైటు కింద కూర్చుని చదువుకుంటారు. ఎవరు ఏ పుస్తకం అడిగారో ఇంతవరకూ నా నోటి నుంచి బయటికి రాలేదు. ఇప్పుడు నా ఉద్యోగం కోసం రానిస్తానా?"

"అయితే నేనే చెప్తాను. అడిగింది నేనేగా!"

"చెప్పండి. మీ ఎదుటి పక్షం లాయరు మూడో వరసలో కూర్చుంటాడు. మనం చూసిన పేరా పంతొమ్మిదికి రాత్రికి రాత్రే జవాబు వెతుక్కుంటాడు. రేపటికల్లా దర్జీ గారి మిషన్ రోడ్డు మీద ఉంటుంది. ఆయనేం పాపం చేశాడు?"

ఎదుట ఉన్నది మొండితనమని అప్పటిదాకా అనుకున్నాను. అంతకన్నా పెద్దదేదో అని అప్పుడు తెలిసింది.

మీటింగ్‌లో ఆమె లేచి నిలబడి మూడే మాటలు చెప్పింది. కంప్యూటర్ కొనండి, నేనే అడిగాను. పుస్తకాలు సగం తీసేసినా సరే, ఏవి తీయాలో నేనే చెప్తాను. కానీ దొరికిన జవాబు ఇంకా బతికుందో లేదో చూసే మనిషిని మాత్రం తీసేయకండి.

"ఆ పనికి పచ్చ గుర్తు ఉందిగా అమ్మా!" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు.

నేను పిడికిళ్లు బిగించాను. ఆమె నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది.

మూసేయాలని నలభై ఒక్క చేతులు లేచాయి. వద్దని పన్నెండు. పన్నెండో చెయ్యి, మొదటి వరసలో, మామయ్యకి ఎదురుగా లేచింది. అది నాది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నేను దించలేదు.

"తాళంచెవులు అప్పగించమ్మా" అన్నాడు మామయ్య.

"రాతపూర్వకంగా నోటీసు ఇప్పించండి సార్. అప్పటిదాకా పొద్దున తొమ్మిదికి తీస్తాను, సాయంత్రం ఆరింటికి మూస్తాను."

నోటీసు అన్న మాటకి ఆ గదిలో నవ్వింది నేనొక్కణ్ణే.

గురువారం కోర్టులో మామయ్య దర్జాగా ఆ తీర్పు చదివాడు. ఎదుటి లాయరు లేచి, రెండు వందల పన్నెండో పేజీ జిరాక్సు జడ్జి గారికి అందించాడు. మామయ్య మెడ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ ముఖం చూస్తే జాలేసింది.

నేను సంచిలోంచి పద్నాలుగో సంపుటం తీసి, చీటీ ఉన్న చోట తెరిచి ఆయన ముందు పెట్టాను. పక్కన, దర్జీని అడిగి తెచ్చిపెట్టుకున్న ఉత్తరం: ఖాళీ చేయమన్నాక కూడా పైకప్పు బాగుచేయించుకోమని ఓనరు రాసింది. ఆయన పేరా పంతొమ్మిది చదివాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇరవై నిమిషాలు ఆగకుండా వాదించాడు. కొత్త నోటీసు లేనిదే ఖాళీ చేయించడానికి వీల్లేదని జడ్జి గారు చెప్పేశారు. దర్జీ మెడలో టేపుతో కళ్లు తుడుచుకోబోయి, అదేమిటో చూసుకుని నవ్వేశాడు.

మామయ్య కోర్టు హాలు నుంచి నేరుగా లైబ్రరీకి నడిచాడు. వెనకాలే నేను.

"ఎదుటివాడికి ఆ పేజీ ఇచ్చింది నువ్వేనా అమ్మా?"

"ఎవరు ఏం చదివారో చెప్పను సార్." "మీరు చదివిందీ ఎవరికీ చెప్పను."

మామయ్య అల్మారాల వైపు చూశాడు. "నిన్న మీటింగ్‌లోనే చెప్పి ఉంటే నా పరువు పోయేది. నీ గది మిగిలేది."

"దర్జీ గారి షాపు పోయేది సార్."

"ఈ పెన్సిల్ రాతలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"గది ఉంటే రెండేళ్లు. మూసేస్తే ఎప్పటికీ కాదు."

"శనివారం మళ్లీ మీటింగ్ పెడతాను. ఆ తీర్మానం పక్కన రాసుకో, ఇది నిలవలేదని."

"నిలవనప్పుడు రాస్తాను సార్. ఇంకా శనివారం కాలేదు."

మామయ్య నా వైపు తిరిగి, "నీకు తగిన మనిషేరా" అని వెళ్లిపోయాడు. మేమిద్దరం పుస్తకాల వైపు చూశాం, అవేవో మాట్లాడినట్టు.

శనివారం తీర్మానం రద్దయింది. సంఘం మినిట్స్ పుస్తకం మార్జిన్లో ఆమె పెన్సిల్‌తో రెండు మాటలు రాసుకుంది. అందరూ వెళ్లిపోయారు. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"ఒక ప్రశ్న ఉంది. అడిగింది బయటికి పోదుగా?"

"పోదు."

"మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలంటే ఏ పుస్తకం చూడాలి?"

"ప్రశ్న అడిగే తీరు మీకింకా సరిగ్గా రాలేదు."

"మరెలా అడగాలి?"

"నేరుగా."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె ఒక చీటీ తీసుకుని, చెవి మీది పెన్సిల్ అందుకుంది. "పెన్సిల్‌తోనా?" అన్నాను.

ఆమె పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది. చెయ్యి చాచి నా జేబులో పెన్ను తీసుకుంది. చీటీ మీద 'సరే' అని రాసి, సిరా ఆరేదాకా ఊది, నా చేతిలో పెట్టింది.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఆమె తండ్రి. భార్య పోయినప్పటి నుంచీ రోజూ ఆరింటికి వచ్చి కూతురితో కలిసి ఇంటికి నడుస్తాడు. బల్ల మీదున్న పద్నాలుగో సంపుటం చేతుల్లోకి తీసుకుని, మరక మీద బొటనవేలితో రుద్దాడు.

"ఆమ్లెట్ అబ్బాయివి నువ్వేనా?"

ఇంట్లో నా గురించి చెప్పిందన్నమాట! "నేనేనండీ. సారీ అండీ."

"నాకు సారీ చెప్పడానికి పదకొండు రోజులు పట్టింది. ఫర్వాలేదు, చెప్పావు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "కొత్త అట్ట వేసిస్తానమ్మా."

"వద్దు నాన్నా. ఉండనీ."

ఆయన ఆమె ముఖం చూశాడు, నా చేతిలో చీటీ చూశాడు. పుస్తకాన్ని దాని చోట నిలబెట్టి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, "పదండి, ముగ్గురం నడుద్దాం" అన్నాడు.

ఆమె లైట్లు ఒక్కొక్కటే ఆర్పింది. నా ఫోన్ ప్లగ్గు నుంచి తీసి నాకిచ్చింది. తర్వాత లోపల ఇంకా ఎవరో చదువుకుంటున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.